కోళ్ళదొడ్డిలో నీటిపద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున ప్రబంధసాహిత్యమును గూర్చి నాలుగు మాటలు పలుకుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేనును రెండు దినములు గ్రంథములు తిరుగవేసితిని. ఆ నడుమనే గ్రంథాలయపు లెక్కలు సరిచూచుచు, పుస్తకములు ఇంటికి తీసికొనిపోయినవారి రిజిస్టరును తెరచితిని. మన బీరువాలలో భారతమున్నది, భాగవతమున్నది, వసుచరిత్రమున్నది. కాని అట్ట ఊడి, దారము తెగి, పుట పుటయు చేతి మరకలతో నున్న పుస్తకము ఒక్కటే. అది కోళ్ళ పెంపకమును గూర్చిన చిన్న పొత్తము. దానిని తీసికొన్నవారిలో ఎక్కువమంది స్త్రీలు. అది చూచిన పిదప నా మనస్సు మారినది. అధ్యక్షులవారి అనుమతితో నేడు కోళ్ళదొడ్డిని వానకు తడియకుండ, చలిగాలికి లోబడకుండ నిలుపుకొను విధమును గూర్చి మాట్లాడుచున్నాను. సాహిత్యప్రియులు మన్నింపవలెను.

కుక్కుటము పండితులకు తగని విషయమని ఎవరును అనుకొనకుందురు గాక. చాణక్యనీతిలో కోడి వలన నేర్వదగిన గుణములు నాలుగు చెప్పబడినవి: వేకువనే మేల్కొనుట, వెనుదీయక పోరుట, తనవారికి పంచిపెట్టుట, స్వయముగా సంపాదించి భుజించుట. తడినేలపై నిలువరాదన్నది ఐదవ గుణముగా నేను చేర్చుదును. ఏలయనగా కోడి తనంత తానుగా తడిలో నిలువదు. మనము కట్టిన దొడ్డిలో మరొక దారి లేక నిలుచును.

మన ప్రాంతపు వానల తీరును మొదట తలచుకొందము. రాష్ట్రములో అనేక జిల్లాలకు నైరుతి ఋతుపవనమే ప్రధానము. మన నెల్లూరు జిల్లాకు ఈశాన్యమే దిక్కు. ఏడాదికి కురియు వానలో సగమునకు మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే కురియును. తక్కిన నెలలలో మెట్టప్రాంతపు వారమైన మనము వాన కొరకు ఆకాశము వంక చూచుచుందుము. అందుచేత మనలో ఒక అలవాటు కుదిరినది. వాన వచ్చిన పిదప గాని వానను గూర్చి తలంపము. చిత్తకార్తె ప్రవేశించినను కోళ్ళదొడ్డి వేసవిలో ఉన్నట్లే యుండును. స్వాతిలోనో విశాఖలోనో వాయుగుండము పట్టి నాలుగైదు దినములు ముసురు విడువనప్పుడు, గోనెలు, పరదాలు, పాత చాపలు వెదకుటకు ప్రారంభింతుము.

నేనును అట్లే చేసితిని. 2015 నవంబరు వానలు మీకు జ్ఞాపకమే. ఆ యేడు మా ఇంటి పెరటిలో ఇరువది మూడు కోళ్ళుండెను. అవి నావి కావు, మా ఇల్లాలివి. గ్రుడ్ల పైకము ఒక డబ్బాలో, పుంజులమ్మిన పైకము మరొక డబ్బాలో వేసి, మా అమ్మాయి కళాశాల రుసుమునకని ఆమె కూడబెట్టుచుండెను. వాన పట్టగానే నా ప్రయోజకత్వము చూపుటకై ఒక పెద్ద టార్పాలిన్ పరదా తెచ్చి, దొడ్డి పైనను, నాలుగు ప్రక్కలను, నేల వరకు దించి, అంచులపై రాళ్ళు పెట్టి బిగించితిని. బొట్టు నీరు లోపలికి పోదని సంతోషించి భోజనమునకు కూర్చుంటిని. ఐదు దినములు ఆ పరదా తీయలేదు. మేతయు నీళ్ళును ఒక మూల సందులోనుండి అందించితిమి. ఆరవ నాడు వాన తెరపి ఇచ్చినది. పరదా ఎత్తగానే ముఖమునకు కొట్టిన ఘాటునకు నా కన్నుల నీరు కారినది. నేలపై పరచిన ఊక నల్లని బురదయై యుండెను. నాలుగు కోళ్ళు అప్పటికే చచ్చియుండెను. మిగిలినవి కన్నులు మూసికొని, రెక్కలు వ్రేలవేసి, గురకపెట్టుచు నిలిచియుండెను. పది దినములలో మరి పది పోయినవి.

మా వీధి చివరనున్న అవ్వకు తొమ్మిది కోళ్ళుండెను. ఆమె దొడ్డికి టార్పాలిన్ లేదు. తాటాకు కప్పు, ఉత్తరమునను తూర్పునను రెండు తడికలు, దక్షిణము వైపు వట్టి వల. ఆమె కోడి ఒక్కటియు పోలేదు. ఆమె మా పెరటికి వచ్చి చూచి అన్న మాట నేటికిని నా చెవులలోనే యున్నది. "ఏంది నాయనా ఇది! పైన తడవకుండా చేసినావు, లోపల ఉడకబెట్టినావు."

మా ఇల్లాలు ఏమియు అనలేదు. ఆ సంవత్సరము రుసుము మరొక చోట అప్పు తెచ్చి కట్టితిమి.

పద్దులు వ్రాయుట నా వృత్తి. జమ వ్రాసి ఖర్చు వ్రాయకుండిన చిట్టా ఎట్టిదో నాకు తెలియును. నేను చేసిన పని సరిగా అట్టిదే. దొడ్డిలోనికి నీరు వచ్చు దారి ఒక్కటేయని తలంచి దానిని మూసితిని. నీరు బయటికి పోవు దారి యొకటి కలదని తలంపనే లేదు. ఆ పిదప పశువైద్యులను అడిగియు, పుస్తకములు చూచియు, అవ్వ దొడ్డిని పరీక్షించియు నేను తెలిసికొన్నది ఇది: కోళ్ళదొడ్డికి నీరు నాలుగు వైపులనుండి జమయగును. పైనుండి, ప్రక్కలనుండి, నేల క్రిందినుండి, కోళ్ళనుండి. ఖర్చగుటకు గాలి యొక్కటే మార్గము.

కోళ్ళనుండి నీరేమిటని కొందరు నవ్వుచున్నారు. లెక్క చూడుడు. పెద్దకోడి తాను తిను మేత బరువునకు ఇంచుమించు రెండింతలు నీరు త్రాగును; వేసవిలో అంతకు మించి త్రాగును. దినమునకు పావు లీటరను కొందము. ఇరువది కోళ్ళకు 5 లీటర్లు, నెలకు 150 లీటర్లు. వాటి రెట్టలో ముప్పాతిక వంతు నీరే. ఊపిరితో వెలువడు ఆవిరి వేరు. వాన ఒక్క చినుకు పడకున్నను ఇంత నీరు నెలనెలయు మన దొడ్డిలోనికి వచ్చుచునే యున్నది. గాలి దీనిని ఎప్పటికప్పుడు తీసికొనిపోవుచుండుట చేత మనకు తెలియదు. గాలిని మూసిన ఐదు దినములలో నా దొడ్డి ఎందుకు బురదయైనదో ఇప్పుడు బోధపడినది గదా.

ఇక తడి చేయు కీడు ఎట్టిదో చెప్పి పనిలోనికి వచ్చెదను. ఎదిగిన కోడి వానలో కొంచెము తడిసినంత మాత్రమున చావదు. దాని తోక మొదట ఒక నూనెతిత్తి కలదు; ముక్కుతో ఆ నూనె తీసి ఈకలకు పూసికొనును. పైనీరు చాలవరకు జారిపోవును. నూగు ఈకలతో నున్న పిల్లల సంగతి వేరు. అవి తడిసిన వెంటనే వడవడ వణకి చచ్చును. పెద్దవాటిని చంపునది ఈకల తడి కాదు, నేల తడి. తడిసిన రెట్టనుండి అమోనియా యను ఘాటు వాయువు పుట్టును. అది కోడి కన్నులను, ఊపిరి గొట్టములను పుండు చేయును. మనము నిలుచుండి వాసన చూచినచో తెలియకపోవచ్చును. కోడి ముక్కు నేలకు జానెడు ఎత్తుననే యుండును. కావున దొడ్డిలో గొంతుకు కూర్చుండి వాసన చూడవలెను. నేను ఇప్పుడు దినమునకొక మారు అట్లు కూర్చుందును, చూచినవారు నవ్వినను సరియే.

రెండవ కీడు పిల్లలకు వచ్చు రక్తపారుడు. ఈ రోగమును కలిగించు సూక్ష్మజీవి గ్రుడ్లు రెట్టతో బయట పడినప్పుడు వెంటనే హాని చేయలేవు. వెచ్చదనము, తడి, గాలి దొరకినచో ఒకటి రెండు దినములలో పక్వమై, కోడిపిల్ల నోటబడి ప్రేగులను తినివేయును. మన యెండదేశములో వెచ్చదనమును తప్పింపలేము, గాలిని తీసివేయరాదు. మన చేతిలో నున్నది తడి యొక్కటే. నేల పొడిగా నున్నచో ఆ గ్రుడ్లలో అధికభాగము పక్వము కాకయే నశించును. మూడు వారములనుండి రెండు నెలల లోపు పిల్లలున్నవారు ఈ మాటను గట్టిగా గుర్తుంచుకొనవలెను.

తడినే సర్వరోగములకును మూలమని మాత్రము నేను చెప్పను. కొక్కెర తెగులు తడివలన రాదు, అది అంటురోగము. 1927 లో కుమావూఁ కొండలలోని రాణిఖేత్ వద్ద దీనిని గుర్తించుట చేత మన దేశములో దానికి ఆ యూరి పేరే నిలిచినది. దానికి టీకాయే మందు, పొడినేల కాదు. కోళ్ళ మశూచిని దోమలు మోయును. దొడ్డి ప్రక్క నీటిగుంటలు పూడ్చినవారికి దాని బాధ కొంత తగ్గును. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోని పొదలకూరు, కోవూరు మండలములలో బర్డ్‌ఫ్లూ కనబడినప్పుడు మనమందరము భయపడితిమి. దానికిని పొడినేల మందు కాదు. కాని గట్టి పైకప్పు ఉన్న దొడ్డిలో అడవి పక్షుల రెట్ట మేతలోను నీటిలోను పడదు గనుక, వానకు వేసిన కప్పు ఆ విధముగను కొంత కాపు. ఇంకొక మాట. కార్తీక మార్గశిర మాసములలో పగలు కురుచనగుటచేత కోళ్ళు సహజముగనే తక్కువ పెట్టును. గ్రుడ్లు తగ్గినంత మాత్రమున దొడ్డిని పడగొట్టి మరల కట్టనక్కరలేదు.

ఇప్పుడు నాలుగు జమలను వరుసగా చూతము. పైకప్పును గూర్చి అందరును ఎరుగుదురు గనుక తొందరగా చెప్పెదను. తాటాకు గాని, బోదగడ్డి గాని కప్పువారు వాలు నిలువుగా పెట్టవలెను. ఎంత వెడల్పో ఇంచుమించు అంత ఎత్తు దిగునట్లుండినచో నీరు ఆకులో ఇంకక జారిపోవును. పల్లముగా పరచిన తాటాకు మొదటి ముసురులోనే కుళ్ళును. రేకులు వేయువారికి వాలు అంత అక్కరలేదు గాని, మేకు కొట్టు చోటు ముఖ్యము. రేకు మడతలోని గాడిలో మేకు కొట్టినచో నీరు పారుదారిలోనే రంధ్రము చేసినవారమగుదుము. మేకు ఎప్పుడును మడత వెన్నుమీదనే, రబ్బరు బిళ్ళతో కొట్టవలెను. మన వానగాలి తూర్పు ఈశాన్యములనుండి వచ్చును గనుక రేకులను పడమటి కొసనుండి పరచుకొనుచు రావలెను. అప్పుడు తూర్పు రేకు అంచు పడమటి రేకుపై పడి, సందు గాలికి ఎదురుగాక వెనుకకు తిరిగియుండును. 1989 నవంబరులో కావలి వద్ద తీరము దాటిన తుపానులో ఇండ్లపై రేకులు కాగితములవలె లేచిపోవుట నేను చూచితిని. గుంజలు రెండడుగుల లోతున పాతి, కప్పును తీగతో గుంజలకు దిగగట్టినవారి పాకలు కొన్ని నిలిచినవి.

టార్పాలిన్ పరదా మీదనే నమ్మకముంచువారు ఒక లెక్క వినుడు. పరదాను మంచమువలె సమముగా లాగి కట్టినచో నడుమ నీటిబొజ్జ దిగును. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, సగటున మూడంగుళముల లోతు గల బొజ్జలో 113 లీటర్ల నీరుండును; అనగా 113 కిలోల బరువు. రెండు ఏబది కిలోల బియ్యపు బస్తాలకు మించిన బరువు మీ కోళ్ళ నెత్తిన వ్రేలాడుచున్నదన్న మాట. నడుమ ఒక వెన్నుగడ వేసి, పరదాను దానిపైనుండి రెండు ప్రక్కలకు వాలుగా దింపినచో ఈ యపాయము లేదు.

కప్పు పడగానే పని ముగిసినదని అనుకొందుము. ఇల్లలుకగానే పండుగ యగునా? కప్పుపై పడిన నీరు ఎచటికి పోవును? ఇరువదడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు గల కప్పుపై ఒక్క అంగుళము వాన కురిసినచో దిగు నీరు సుమారు 470 లీటర్లు. 15 లీటర్ల బిందెలతో ముప్పదియొక్క బిందెలు. ముసురు పట్టిన నాడు మనకు నాలుగైదు అంగుళములు కురియుట వింత కాదు. ఆ బిందెలన్నియు చూరు క్రింద, దొడ్డి గోడ మొదటనే కుమ్మరించుచున్నాము. నేలను కొట్టి ఎగిరిన బురద లోపలికి చిందును; ఇంకిన నీరు గోడ క్రిందుగా దొడ్డిలోనికి ఊరును. పైనుండి వచ్చు జమను అరికట్టి ప్రక్కనుండి వచ్చు జమను మనమే సృష్టించితిమి.

దీనికి చేయవలసినది, చూరును మూడడుగులు బయటికి సాచుట. చూరునీరు పడు వరుసలో అడుగు వెడల్పు, అడుగు లోతు కాలువ త్రవ్వి, గులకరాళ్ళతో నింపి, పల్లపు వైపునకు దారి తీయుట. రాళ్ళుండుటచేత చినుకు ఎగిరిపడదు, కోడి కాలువను కెళ్ళగింపలేదు. వెదురు చీల్చియో, రేకు వంచియో చూరునకు దోనె కట్టి ఆ నీటిని తొట్టిలో పట్టుకొనగలవారు ఇంకను ధన్యులు.

ప్రక్కలకు నేలనుండి అడుగో అడుగున్నరయో ఎత్తు అరుగుగోడ, దానిపైన వల. ఉత్తరమునకును తూర్పునకును చినుకు తగులకుండ తడికలు. ఇచటనే నేను చేసిన తప్పు దాగియున్నది గనుక విపులముగా చెప్పెదను. తడికనైనను, గోనెపట్టానైనను, పరదానైనను పైనుండి క్రిందికి పూర్తిగా దింపరాదు. క్రింద బిగించి, పైన చూరు నీడలో అడుగు, అడుగున్నర ఖాళీ విడువవలెను. వెచ్చని ఆవిరియు ఘాటును పైకి లేచి ఆ సందులోనుండి పోవును. చూరు ముందునకు సాచియున్నచో ఆ సందులో వాన పడదు. దక్షిణపు ప్రక్కను, కొట్టువాన దిశ మారిన గంటలలో తప్ప, మూయనే కూడదు. దొడ్డిని తూర్పు పడమరలుగా పొడవుంచి కట్టుకొన్నవారికి దక్షిణపు గాలియు, చలికాలపు వాలుటెండయు పొడవునా దొరకును. అదే కట్టడము రోహిణికార్తెలో పడమటి వడగాలికి వెడల్పు ప్రక్కను మాత్రమే చూపును. ఆ ప్రక్కకు అప్పుడొక తడిక చాలును.

ఈ గ్రంథాలయములోనే మనకు దీనికొక నిదర్శనము కలదు. 2021 నవంబరు వానలలో పుస్తకములు తడియునని కిటికీలన్నియు బిగించి వారము దినములు తెరువకుంటిమి. తెరచి చూడగా కురిసిన నీరు తగిలిన పుస్తకము ఒక్కటియు లేదు. బూజు పట్టినవి మాత్రము రెండు వరుసలు. ఇప్పుడు ముసురులో కూడ దక్షిణపు కిటికీ పైతలుపు తెరచియే యుంచుచున్నాము.

మూడవది నేల. ఇందులో ఉదయగిరి వైపువారికిని ఆత్మకూరు వైపువారికిని బాధ ఒక్కటి కాదు. ఉదయగిరి వైపు కొండవాలు, ఎర్రని గరపనేల. నీరు నిలువదు గాని పైనుండి పొరలి వచ్చును. ఉదయగిరి దుర్గము నెక్కినవారెరుగుదురు, రాతిపై పడిన వాన ఎంత వేగముగా దిగువకు దారి వెదకికొనునో. అట్టిచోట దొడ్డికి మీదివైపున, వాలునకు అడ్డముగా ఒక మళ్ళింపు కాలువ త్రవ్వి నీటిని రెండు ప్రక్కలకు త్రిప్పుటయే ముఖ్యమైన పని. మీదివైపు కాలువ లేకుండ దొడ్డి చుట్టును గోడ కట్టినచో గోడయే ఆనకట్టయగును.

ఆత్మకూరు వైపు పల్లపు భూములలో, కాలువ క్రింది ఆయకట్టు చేరువలో, నల్లరేగడి యున్నచోట బాధ వేరు. అచట నీరు పొరలి రాదు, ఊరి వచ్చును. దీపపు వత్తి నూనెను పైకి పీల్చునట్లు సన్నని మన్ను క్రిందితడిని పైకి పీల్చుచుండును. పైకప్పు ఎంత గట్టిదైనను ఉదయమున ఊక అడుగు భాగము చెమ్మగిలి యుండును. కొందరు దీనిపై మరల మన్నే పోసి ఎత్తు చేయుదురు. వత్తిని పొడిగించినంత మాత్రమున నూనె ఆగునా? వత్తిని తెంపవలెను. అడుగు లోతు నల్లమన్ను తీసివేసి, క్రింద పెద్దరాళ్ళో ఇటుకముక్కలో పరచి, వానిపై గరప, ఆపైన పెన్న ఇసుక పోసి, చుట్టుప్రక్కల నేలకంటె అడుగున్నర ఎత్తు తీయవలెను. పెద్దరాళ్ళ నడుమనున్న సందులను తడి దాటలేదు. ఈ పని యొక్కటి కొంచెము ఖర్చుతో కూడినది. కాని ఒక్కసారి చేసినచో చాలును.

నాలుగవది కోళ్ళే తెచ్చు నీరు. వానిని త్రాగవద్దనలేము. నీటిపాత్రను నేలపై పెట్టక, కోడి వీపు ఎత్తునకు రాతిమీదనో ఇటుకల మీదనో పెట్టినచో చిందుట తగ్గును. పాత్ర చుట్టును మూరెడు మేర ఊక లేకుండ గులకరాళ్ళు పరచవలెను. రాత్రి కూర్చుండు దండెము క్రింద ఒక పలకయో పాత రేకో పెట్టి, ఉదయముననే రెట్టను ఎత్తి దూరపు దిబ్బలో వేయవలెను. కోడి రాత్రియంతయు ఒక్కచోటనే కూర్చుండును గనుక రెట్టలో పెద్దభాగము ఆ పలకమీదనే దొరకును. ఎక్కువ శ్రమ లేకుండ ఎక్కువ తడిని వెలివేయు ఉపాయము ఇంతకంటె మరొకటి నాకు కనబడలేదు.

నేలపై పరచునది ఊకయైనను, వేరుసెనగ పొట్టైనను సరియే. మూడు నాలుగంగుళముల మందముండవలెను. ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కు పనివారున్న సంగతి దేశమెల్ల ఎరుగును. వారి చెక్కుడు తురుము దొరకినవారికి అదియు మంచిదే. సన్నని రంపపుపొట్టు మాత్రము పిల్లలు మేతయని తినును గనుక పనికిరాదు. వేరుసెనగ పొట్టు తడిసినచో బూజు పట్టును. ఆ బూజు ధూళి కోడి ఊపిరితిత్తులను చెరచును. మేతలోని వేరుసెనగ చెక్కకును అదే గతి. 1960 లో ఇంగ్లండు దేశమున లక్ష టర్కీ కోళ్ళు కారణము తెలియకుండ చచ్చినప్పుడు పరిశోధించి చూడగా, మేతలో కలిపిన వేరుసెనగ పిండికి పట్టిన బూజులోని విషమని తేలినది. ఆ విషమునకే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టిరి. బూజుపట్టిన చెక్క మనము తినము గనుక కోళ్ళకు వేయుదమని తలచువారు ఈ సంగతిని మరువరాదు.

ఊక పొడిగా నున్నదో లేదో చేతితో తెలియును. పిడికెడు తీసి గట్టిగా నొక్కి విడువుడు. ఉండవలె నిలిచినచో తడి మిక్కిలి. వెంటనే కలియబెట్టి, చెడినంత మేర తీసి, క్రొత్తది వేయవలెను. అంటి అంటనట్లుండి, వ్రేలు తగిలినంతనే విడిపోయినచో సరియైనది. అసలు అంటక దుమ్ము రేగినచో మరీ పొడి; అదియు ఊపిరికి మంచిది కాదు. ముసురు దినములలో ఊకను దినమునకు రెండు మారులు దంతెతో తిరుగవేయవలెను. నీటిలో చల్లార్చి ఆరబెట్టిన పొడిసున్నము కొంచెము చల్లి కలుపవచ్చును. చల్లారని సున్నము వేసినవారు కోళ్ళ కాళ్ళు కాల్చుకొందురు.

రాయలవారి మాట తలపునకు వచ్చుచున్నది. గజపతుల వలన ఉదయగిరిని 1514 లో గైకొన్న కృష్ణదేవరాయలే ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున వర్షర్తువును వర్ణించెను. ఆ వర్ణనములో రాజభవనముల వైభవముకంటె సామాన్యుల ఇండ్లలోని తడి, నిప్పంటుకొనని కట్టెలతో ఇల్లాండ్రు పడు అవస్థ ఎక్కువగా కనబడును. ప్రబంధములను గూర్చి మాట్లాడుమన్న కార్యవర్గమువారి ఋణము ఈ నాలుగు వాక్యములతో తీరినదని భావించుచున్నాను. పాఠమును బీరువాలోనుండి తీసికొని చదువుకొనవలసినదిగా ప్రార్థన.

2021 నవంబరులో సోమశిలనుండి వదలిన నీటితో పెన్న పొంగి దిగువ ఊళ్ళను ముంచిన ఆ వారమున మా దొడ్డిలో పదునెనిమిది కోళ్ళుండెను. అప్పటికి మీదివైపు కాలువ త్రవ్వితిని, చూరు సాచితిని, పైసందు విడిచితిని. తడివలన ఒక్కటియు పోలేదు. ఒకదానిని ముంగిస ఎత్తుకొనిపోయినది. వల అడుగు అంచును నేలలోనికి అడుగు లోతు దింపి పాతకుండుట నా తప్పే. ఒక జమను చూచుకొనుచు మరొక ఖర్చును మరచితిని.

రాబోవు ఏటికి మీరు తలపెట్టవలసినది చిత్తకార్తెకు ముందే, అనగా అక్టోబరు మొదటి వారము లోపలనే చేయవలెను. కాలువలు పూడిక తీయుట, చూరు తాళ్ళు బిగించుట, తడికలు అల్లించుట ఒకటి. రెండవది, ముసురులో మార్చుటకు పొడి ఊకను ముందుగా నిలువచేయుట. వాన పట్టిన పిదప బియ్యపు మిల్లు వద్ద దొరకు ఊక తడిసినదే గాని పొడిది కాదు. రెండువందల చదరపుటడుగుల దొడ్డికి మూడంగుళముల మందమునకు ఏబది ఘనపుటడుగుల ఊక కావలెను. మూడున్నర, నాలుగు ఘనపుటడుగులు పట్టు గోనెసంచులు పదమూడో పదునాలుగో అగును. వానిని అటుకపైనో, పశువుల కొట్టములో మంచెమీదనో పెట్టుకొనవలెను. విశాఖతో వానలు వెనుదీయునని నమ్మి అంతయు ఒక్కసారిగా వాడివేయకుడు. 2023 లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5 న బాపట్ల చేరువ తీరము దాటినది. సగము సంచులు జ్యేష్ఠకార్తె వరకు కదలింపకుండ నుంచవలెను.

కొలతలు వ్రాసికొనదలచిన అక్కచెల్లెండ్ర కొరకు దొడ్డి పటమును గీసి, గ్రంథాలయపు బల్లపై పెట్టితిని. తడిక అల్లకమును చూడగోరువారు సభానంతరము మా పెరటికి దయచేయవచ్చును. ఆ తడికలను అల్లినది నేను కాదు, అవ్వ. ఆమె ఈ సభలో మూడవ వరుసలో కూర్చుండియున్నది.